సీసీఎస్ కలిసిందని ఇంప్యూరిటీకి పేరు రాసేయొచ్చా?

చౌటుప్పల్_పీక్
మా ఏపీఐ (మందుల అసలు పనిచేసే పదార్థం) ఒకటి స్టెబిలిటీల, అంటే నిల్వ పరీక్షల ఉన్నది. ఆర్‌ఆర్‌టీ 0.87 కాడ (మెయిన్ పీకు వచ్చే టైము 1 అనుకుంటే) కొత్త పీకు లేచింది, యాక్సిలరేటెడ్ (వేడి, తేమ ఎక్కువ పెట్టిన) ఆరు నెలల సాంపిల్‌ల 0.14 శాతం. రోజు డోసు 2 గ్రాముల లోపే, కాబట్టి ఐసీహెచ్ క్యూ3ఏ (ఇంప్యూరిటీల మీద అంతర్జాతీయ గైడ్‌లైన్) లెక్కల 0.10 దాటినంక అదేందో తేల్చాల్సిందే. మాస్ తీస్తే మెయిన్ పీకు 415, ఇది 431. ఆక్సిజన్ ఒకటి ఎక్కిందన్న కాడిదాకా అందరిది ఒకటే మాట. నైట్రోజన్ మీద ఎక్కిందా (ఎన్-ఆక్సైడ్), కార్బన్ మీద ఎక్కిందా (హైడ్రాక్సీ) అన్నదే పంచాయితీ.

హైదరాబాద్‌ల ఒక కాంట్రాక్ట్ ల్యాబుకు పంపినం. రిపోర్టు వచ్చింది. అందుల ముఖ్యమైన ముక్క ఇది: "అయాన్ మొబిలిటీ ద్వారా పైపరజీన్ ఎన్-ఆక్సైడ్‌గా నిర్ధారించడమైనది. కొలిచిన సీసీఎస్ 204.6, సాఫ్ట్‌వేర్ అంచనా 206.1, తేడా 0.7 శాతం, అనుమతి 2 శాతం." అంతే. మా మేనేజర్ ఫైల్ల పెట్టి క్లోజ్ చేయమంటుండు. నాకు మనసొప్పుతలేదు. ఈ ఒక్క అంకె కలిస్తే పేరు ఖాయం అయిపోతదా? మాలిక్యూల్ పేరు అడగొద్దు, చెప్పలేను.

ఆర్‌టీ_షిఫ్ట్
పేరు పెట్టిండ్రు కదా, ఇరవై ఒకటో రోజు ఫంక్షన్ ఎక్కడ?

కందనూలు_కెమిస్ట్
మా దగ్గర ట్రిపుల్ క్వాడ్ (మొబిలిటీ లేని మాస్ మిషన్) దాటి ఏం లేదు. ఈ సీసీఎస్ ఏందో ఎవరన్న కొంచెం విడమర్చి చెప్పుర్రి.

పీహెచ్‌డీ_నత్తనడక
కొలిజన్ క్రాస్ సెక్షన్. అయాన్లను గ్యాస్ నిండిన గొట్టంలకు వదులుతరు, ఎక్కువగా నైట్రోజన్. కరెంటు ఫీల్డు ముందుకు గుంజుతుంటది, గ్యాస్ అణువులు అడ్డం తగులుతుంటయి. మాస్ ఒకటే, ఛార్జి ఒకటే అయినా ముడుచుకున్న అయాన్ తొందరగ దాటుతది, చేతులు చాపుకున్నది లేటుగ వస్తది. చెర్వుగట్టు జాతరల గుంపుల పడి పోవుడు అనుకో. ఉత్త చేతులోడు ముందు గుడి కాడికి చేరుతడు, విప్పిన గొడుగు పట్టుకున్నోడు వెనకవడతడు.

దాటేందుకు పట్టిన టైము మిల్లీ సెకన్లల ఉంటది. దాన్నుంచి మేసన్-షాంప్ సమీకరణంతోని చదరపు ఆంగ్‌స్ట్రాములల అంకె తీస్తరు. నైట్రోజన్‌ల పారాసిటమాల్ 130 కాడ, రెసర్పిన్ 250 పైన. ఎల్‌సీ పీకు సెకన్లు ఉంటది, మొబిలిటీ మిల్లీ సెకన్లు, టాఫ్ (మాస్ కొలిచే భాగం) మైక్రో సెకన్లు. ఒకదాంట్ల ఒకటి ఇమిడిపోతది కాబట్టి రన్ టైము పెరగదు. అందుకే అందరికి దాని మీద మోజు.

కురుమూర్తి_కొండ
చెర్వుగట్టు గుంపు కూడా ఒక గుంపేనా? కురుమూర్తి ఉద్దాల రోజు రా. గొడుగు ఉన్నా లేకున్నా రిజల్యూషన్ సున్నా.

పీహెచ్‌డీ_నత్తనడక
గ్యాస్ ప్రెషర్ పెరిగితే అంతేనన్నా 😀

నైట్‌షిఫ్ట్_జడ్చర్ల
శంషాబాద్ ఎయిర్‌పోర్టుల బ్యాగు మీద గుడ్డముక్క రుద్ది మిషన్ల పెడతరు చూడు, అది ఇదేనా?

పీహెచ్‌డీ_నత్తనడక
దాని తాత అనుకో. అందులో మాస్ ఉండదు, ఒట్టి మొబిలిటీ. పాత వాటిల్ల అయాన్లు పుట్టించేందుకు నికెల్-63 అని రేడియోధార్మిక రేకు ఉంటది. అది మోగితే "బ్యాగు తెరిచి చూడు" అని అర్థం, "బాంబు దొరికింది" అని కాదు. చౌటుప్పల్ అన్న రిపోర్టుల బ్యాగు తెరవకుండనే కేసు రాసిండ్రు.

నైట్‌షిఫ్ట్_జడ్చర్ల
మా పాత కంపెనీల క్లీనింగ్ స్వాబులకు అసొంటిదే ఉండె. రియాక్టర్ కడిగినంక స్వాబు పెడితే నిమిషంల చెప్పేది. హెచ్‌పీఎల్‌సీ ఖాళీ అయ్యేదాక కూసునే బాధ తప్పింది. కాని అక్కడ ముందు బ్యాచుల ఏం నడిచిందో మనకు తెలుసు, అది మిగిలిందా లేదా అన్నదే ప్రశ్న. ఇక్కడ ఏముందో తెల్వకనే కదా అడుగుతున్నది.

గీతగీసేటోడు
చిన్న సవరణ. క్యూ3ఏల 0.10 శాతమో, రోజుకు 1 మిల్లీగ్రామో, ఏది తక్కువైతే అది. డోసు పెద్దదైతే మిల్లీగ్రామే ముందు తగులుతది. ఒకసారి చూసుకో.

చౌటుప్పల్_పీక్
చూసినన్నా. డోసు చిన్నదే, 0.10 ఏ వర్తిస్తది.

పెద్దాయన_ఎన్‌ఎంఆర్
ముందు రెండు విషయాలు చెప్పండి బాబూ. కొలిచింది ఏ రకం మొబిలిటీ? అంచనా వేసింది ఏ సాఫ్ట్‌వేర్? రిపోర్టులో ఈ రెండూ లేకపోతే 204.6 అనే అంకెకు అర్థమే లేదు. హీలియంలో కొలిచినది, నైట్రోజన్‌లో కొలిచినది పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఏ గ్యాసు, ఏ రకం పరికరం, దేనితో క్యాలిబ్రేట్ చేశారు అన్నవి తప్పకుండా రాయాలని 2019లో ఈ రంగంలోని వాళ్లంతా కలిసి మాస్ స్పెక్ట్రోమెట్రీ రివ్యూస్ పత్రికలో సిఫార్సులు ప్రచురించారు. కొత్త విషయమేమీ కాదు.

చౌటుప్పల్_పీక్
ట్రావెలింగ్ వేవ్ అని రాసిండ్రు సార్, గ్యాస్ నైట్రోజన్. క్యాలిబ్రెంట్ కాడ "పాలీఅలనిన్" అని ఉన్నది. సాఫ్ట్‌వేర్ పేరు లేదు, "ఇన్-సిలికో" అని మాత్రం ఉన్నది.

పీహెచ్‌డీ_నత్తనడక
ఇగో, ఇక్కడ ఆగాలె. డ్రిఫ్ట్ ట్యూబుల ఫీల్డు గొట్టం పొడుగునా ఒకే తీరు ఉంటది, అందుకే టైము నుంచి నేరుగ సీసీఎస్ కట్టొచ్చు. ట్రావెలింగ్ వేవ్‌ల అట్ల కుదరదు. అలలు తోస్తుంటయి, అయాన్లు దొర్లుతుంటయి, కాబట్టి సీసీఎస్ ముందే తెలిసిన వాటిని నడిపి గీత గీసుకోవాలె. పాలీఅలనిన్ పెప్టైడు. మన మందు పైపరజీన్ ఉన్న చిన్న మాలిక్యూల్. వేరే జాతి వాటితోని గీసిన గీత మీద దీన్ని చదివితే అక్కడే కొంత జరుగుతది. మందుల లాంటి వాటితోనే చేసిన క్యాలిబ్రేషన్ మిక్స్‌లు దొరుకుతయి, అవి వాడాలె.

చౌటుప్పల్_పీక్
అంటే కొలతే తప్పంటవా?

పీహెచ్‌డీ_నత్తనడక
లే. కొలత మరీ తప్పేం ఉండదు, ఒక శాతం అటో ఇటో. సరిగ్గ చేస్తే కొలత శానా గట్టిది. 2017ల నాలుగు ల్యాబులు ఒకే తీరు డ్రిఫ్ట్ ట్యూబులతోని కొలిచి చూస్తే వాటి మధ్య సగటు తేడా 0.29 శాతమే వచ్చింది. తిప్పలంతా అంచనాతోని. కంప్యూటర్ వేసే సీసీఎస్ మామూలుగ 1 నుంచి 3 శాతం తేడా ఉంటది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. నీ 2 శాతం కిటికీ అందుకే పెట్టిండ్రు. ఆ కిటికీల ఇంకెవరెవరు పడతరో చూసినవా? నీకు అనుమానం ఉన్న వేరే స్ట్రక్చర్లకు కూడా అంచనా వేసి ఇక్కడ పెట్టు. ఫ్రీగ వేసే వెబ్‌సైట్లు ఉన్నయి, ఆల్‌సీసీఎస్, సీసీఎస్‌బేస్ అని.

ఆర్‌టీ_షిఫ్ట్
హోంవర్క్ పడ్డది.

బత్తాయి_రెసిడ్యూ
అందరూ మొబిలిటీని ఎక్కేస్తున్నారు, నేను కొంచెం దాని పక్షాన మాట్లాడతాను. నాది పెస్టిసైడ్ రెసిడ్యూ ల్యాబు. బత్తాయి, మిర్చి, కూరగాయలు. మిర్చి ఎక్స్‌ట్రాక్ట్ చూసినవాళ్లకు తెలుసు, ఎరుపు రంగు కాలమ్ మీద కూర్చుంటే రిటెన్షన్ టైము ఇష్టమొచ్చినట్టు జరుగుతుంది. సీసీఎస్ మాత్రం జరగదు. నీళ్లలో వేసినా మిర్చిలో వేసినా అదే అంకె. ఇంకో లాభం, ఒకే టైములో వచ్చే పది చెత్త అయాన్లలోంచి మన అయాన్ డ్రిఫ్ట్ టైములో ఉన్నవాటినే ఏరితే ఫ్రాగ్మెంట్ స్పెక్ట్రం కడిగినట్టు వస్తుంది. తప్పుడు పాజిటివ్‌లు మా దగ్గర బాగా తగ్గాయి.

కానీ మేం పోల్చేది స్టాండర్డును మా మిషన్ మీదే కొలిచిన సీసీఎస్‌తో, సాఫ్ట్‌వేర్ అంచనాతో కాదు. అంతా చేసినా యూరప్ వాళ్ల శాంటే గైడ్‌లైన్ ప్రకారం గుర్తించామని రాయాలంటే రిటెన్షన్ టైము 0.1 నిమిషం లోపల కలవాలి, రెండు అయాన్లు 5 పీపీఎం లోపల ఉండాలి. సీసీఎస్ దానికి అదనపు బలం మాత్రమే.

నైట్‌షిఫ్ట్_జడ్చర్ల
అక్కా, మిర్చి నడిపిన కాలమ్ మళ్లా దేనికన్నా పనికొస్తదా?

బత్తాయి_రెసిడ్యూ
మిర్చికి పనికొస్తుంది.

పెద్దాయన_ఎన్‌ఎంఆర్
ఆమె చెప్పినదాంట్లో ఒక మాట పట్టుకోండి. స్టాండర్డు. మీ దగ్గర ఎన్-ఆక్సైడ్ స్టాండర్డు ఉంటే మొబిలిటీ అవసరమే ఉండదు, హెచ్‌పీఎల్‌సీలో కలిపి నడిపితే సగం పని అయిపోతుంది. లేదు కాబట్టే అంచనాల మీద పడ్డారు. నా సలహా పాతదే. ఇంప్యూరిటీని పెంచండి, ప్రిప్ (పెద్ద మోతాదులో ఏరే క్రోమాటోగ్రఫీ) మీద ఏరండి, కొన్ని మిల్లీగ్రాములు నాకివ్వండి.

ఆర్‌టీ_షిఫ్ట్
సార్ ఏ ప్రశ్నకైనా "కొన్ని మిల్లీగ్రాములు ఇవ్వండి" అనే అంటరు.

పెద్దాయన_ఎన్‌ఎంఆర్
ఇచ్చినవాళ్లెవరూ చెడిపోలేదు.

చౌటుప్పల్_పీక్
హోంవర్క్ అయింది. కొలిచినది 204.6.
పైపరజీన్ ఎన్-ఆక్సైడ్ అంచనా 206.1
పిరిడిన్ ఎన్-ఆక్సైడ్ 207.4
బెంజీన్ రింగు మీద హైడ్రాక్సీ 203.0
రింగు పక్క సీహెచ్2 మీద హైడ్రాక్సీ 203.3
నాలుగూ 2 శాతం లోపలనే ఉన్నయి. ఆఖరుది ఇంకా దగ్గర.

కురుమూర్తి_కొండ
లడ్డూలన్నీ ఒకే సైజు.

పీహెచ్‌డీ_నత్తనడక
గదే నేను జెప్పేది. ఎన్-ఆక్సైడ్ కలిసింది నిజమే, కాని కలవనిదే లేదు. నాలుగుట్ల రెండు 10 శాతం దూరం ఉండుంటే వాటిని కొట్టేయొచ్చు, అప్పుడు సీసీఎస్ పనిచేసినట్టు. ఒకే ఫార్ములా ఉండి ఆక్సిజన్ చోటు మాత్రం మారిన ఐసోమర్లు మామూలుగ ఒకటి రెండు శాతం లోపలనే ఉంటయి. మాస్ పెరిగితే సీసీఎస్ పెరుగుడు ఎట్లాగు ఉన్నదే, కాబట్టి మాస్ తెలిసినంక అది కొత్తగ చెప్పేది తక్కువ. లిపిడ్లు ఒక గీత మీద, చక్కెరలు ఇంకో గీత మీద ఉంటయి కాబట్టి ఏ జాతిదో మాత్రం బాగ చెప్తది.

కందనూలు_కెమిస్ట్
మరి రెండు ఐసోమర్లను మొబిలిటీలనే విడగొట్టలేరా, ఎల్‌సీల విడగొట్టినట్టు?

పీహెచ్‌డీ_నత్తనడక
విడగొట్టొచ్చు, పవర్ ఉంటే. రిజాల్వింగ్ పవర్ 60 ఉన్న గొట్టంల 2 శాతం తేడా ఉంటే తప్ప రెండు పీకులు కనవడవు. అర శాతం తేడాకు 200 పైన కావాలె. సైక్లిక్ అని గుండ్రంగ తిప్పేది వచ్చింది, ఒక రౌండుకు 65 దాక ఉంటది. రౌండ్లు పెంచితే వర్గమూలం లెక్కల పెరుగుతది, 10 రౌండ్లకు 200 దాటుతది. ట్రాప్డ్ మొబిలిటీ కూడా 200 దాక పోతది. ఫెయిమ్స్ అనేది వేరే, అది జల్లెడ లెక్క పనిచేస్తది, సీసీఎస్ ఇయ్యదు. ఎనాన్షియోమర్లు (ఒకదానికొకటి అద్దంల బొమ్మ లెక్క ఉండేవి) మాత్రం ఒట్టి నైట్రోజన్‌ల ఎన్ని రౌండ్లు తిప్పినా విడిపోవు.

గీతగీసేటోడు
రెండు పీకులు కనవడ్డయని సంబురపడొద్దు. సిప్రోఫ్లోక్సాసిన్ ప్యూర్ స్టాండర్డు ఇంజెక్ట్ చేసి చూడు, మొబిలిటీల రెండు వస్తయి. ప్రోటాన్ ఒకసారి పైపరజీన్ మీద కూసుంటది, ఇంకోసారి కార్బొనిల్ దిక్కు. మందు ఒకటే, ప్రోటోమర్లు రెండు. వాటి ఫ్రాగ్మెంట్లు కూడా వేరే. సాల్వెంట్ మారిస్తే, కోన్ వోల్టేజ్ మారిస్తే వాటి పాళ్లు మారుతయి. తెల్వనోడు రెండో ఇంప్యూరిటీ అని రాస్తడు.

చౌటుప్పల్_పీక్
మాది కూడా పైపరజీనే. భయపెట్టకు అన్నా.

పోచంపల్లి_పోగు
మీరంతా మొబిలిటీల మునిగిండ్రు, మొదటి పోస్టుల ఉన్న 0.87 ఎవరికీ కనవడలేదా? రివర్స్ ఫేజుల పైపరజీన్ ఎన్-ఆక్సైడు మామూలుగ మెయిన్ పీకు వెనకనో, పక్కనో వస్తది. అంత ముందుకు వచ్చిందంటే నాకైతే హైడ్రాక్సీ మీదనే డౌటు. మొబైల్ ఫేజు పీహెచ్ ఎంత?

చౌటుప్పల్_పీక్
ఫార్మిక్ యాసిడ్, 3 లోపలనే. కాలమ్ సీ18.

పోచంపల్లి_పోగు
అయితే డౌటు ఇంకా గట్టిపడ్డది. పైసలు పెద్దగ కాని పరీక్షలు మూడు చెప్తా, ఉన్న మాస్ మీదనే చేయి.

సోర్సు వేడి పెంచు. ఎన్-ఆక్సైడు అయితే వేడికి ఆక్సిజన్ ఊడుతది, 0.87 కాడనే 415 లేస్తది. హైడ్రాక్సీ అట్ల చేయదు.

సాంపిల్‌ల టైటానియం ట్రైక్లోరైడ్ నీళ్ల ద్రావణం చుక్క వెయ్యి. ఎన్-ఆక్సైడు తిరిగి మందుగ మారి పీకు మాయమయితది. హైడ్రాక్సీ కదలదు. వేసినంక ఫిల్టర్ చేయకుండ మాత్రం ఇంజెక్ట్ చేయకు.

మొబైల్ ఫేజుల నీళ్ల బదులు డీటూఓ (హైడ్రోజన్ బదులు డ్యూటీరియం ఉన్న భారజలం) పెట్టు. మీ మందుల మారే హైడ్రోజన్లు ఎన్ని?

చౌటుప్పల్_పీక్
ఒకటే, అమైడ్ ఎన్‌హెచ్.

పోచంపల్లి_పోగు
అయితే మందు 415 నుంచి 417కు పోతది, ఎన్‌హెచ్‌ది ఒకటి, ఎక్కే ప్రోటాన్ బదులు డ్యూటీరియం ఒకటి. ఇంప్యూరిటీ 431 నుంచి 433కు పోతే ఎన్-ఆక్సైడు. 434కు పోతే కొత్తగ ఓహెచ్ వచ్చినట్టు. ఇండ్ల అంచనా లేదు, శాతాలు లేవు. లెక్కపెట్టుడే.

ఆర్‌టీ_షిఫ్ట్
భారజలం కర్మాగారం మన మణుగూరులనే ఉన్నది, డీటూఓ సీసా మాత్రం ఇండెంట్ పెడితే పర్చేజ్ వాళ్లు "ఇది మామూలు నీళ్లకు ఎందుకంత ఎక్కువ" అని అడుగుతరు.

బత్తాయి_రెసిడ్యూ
పోచంపల్లి గారు చెప్పినది బాగుంది. ఒక జాగ్రత్త, కాలమ్‌ను డీటూఓతో బాగా కడగాలి, లేకపోతే 433, 434 రెండూ కలిసి కనిపిస్తాయి. మందు పీకు పూర్తిగా 417కు జరిగిందో లేదో ముందు చూసుకోండి.

పెద్దాయన_ఎన్‌ఎంఆర్
ఒప్పుకుంటాను, ఇవి చేయండి. మాస్‌లో అంకె ఒక్కటే చూసి మునిగిన కథ ఒకటి కూడా గుర్తుంచుకోండి. షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌లో ఎన్‌డీఎంఏ (క్యాన్సర్ అనుమానం ఉన్న ఇంప్యూరిటీ) ఎక్కువుందని ఒక ప్రైవేటు ల్యాబు చెబితే, ఆ అంకెలు అంత ఎక్కువ రావడానికి డీఎంఎఫ్ అనే సాల్వెంట్ అడ్డు రావడం కారణమని అమెరికా ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు 2020లో పేపరు రాశారు. ఎన్‌డీఎంఏ 75.0553, డీఎంఎఫ్‌లో నైట్రోజన్-15 ఉన్న ఐసోటోపు 75.0571. రెండూ కాలమ్ మీద ఒకేచోట వస్తే, కిటికీ పెద్దదిగా పెట్టినవాడికి రెండూ ఒకటే. మీ 2 శాతం కిటికీ కూడా ఆ జాతిదే.

చౌటుప్పల్_పీక్
చేసినం. సోర్సు వేడి పెంచితే 0.87 కాడ 415 లేవలేదు. టైటానియం వేస్తే పీకు ఉన్నట్టే ఉన్నది. డీటూఓల మందు 417, ఇంప్యూరిటీ 434. క్రోమాటోగ్రాం చూసి మా మేనేజర్ ఏం మాట్లాడలే.

కందనూలు_కెమిస్ట్
అబ్బో!

పీహెచ్‌డీ_నత్తనడక
హైడ్రాక్సీ. పోచంపల్లి అన్నకు దండం.

చౌటుప్పల్_పీక్
ఇంకో ముచ్చట వినుర్రి. ఈ డేటా ఆ ల్యాబుకు పంపినం. సవరించిన రిపోర్టు వచ్చింది: "అయాన్ మొబిలిటీ ద్వారా హైడ్రాక్సీ డెరివేటివ్‌గా నిర్ధారించడమైనది, కొలిచిన సీసీఎస్ 204.6, అంచనా 203.0, తేడా 0.8 శాతం."

ఆర్‌టీ_షిఫ్ట్
😂😂😂 వాళ్ల టెంప్లేటు రెండిట్లకూ పాసయింది.

గీతగీసేటోడు
అందుకే "నిర్ధారించడమైనది" అన్న మాట కొట్టేసి "విరుద్ధంగా లేదు" అని రాయించు. సీసీఎస్ ఉండనీ, తీసేయకు. రేపు ఇంకో బ్యాచుల ఇదే పీకు వచ్చినప్పుడు అదేనా కాదా చూసేందుకు పనికొస్తది. క్యాలిబ్రెంట్ మాత్రం మార్పించు.

పెద్దాయన_ఎన్‌ఎంఆర్
ఓహెచ్ రింగు మీదనా, పక్క సీహెచ్2 మీదనా? ఎంఎస్ఎంఎస్‌లో (అయాన్‌ను ముక్కలు చేసి చూస్తే) 18, అంటే నీళ్లు, ఊడుతోందా?

చౌటుప్పల్_పీక్
ఊడుతున్నది సార్, 413 కాడ పెద్ద పీకు. కొలిజన్ ఎనర్జీ తక్కువ పెట్టినా అదే ముందు వస్తున్నది.

పోచంపల్లి_పోగు
నీళ్లు అంత సులువుగ ఊడుతున్నయంటే సీహెచ్2 మీదనే, బెంజైలిక్. ఫీనాల్ అట్ల ఇడువదు. గాలిల ఆక్సిజన్ ఆ సీహెచ్2నే ముందు పడుతది. పెరాక్సైడ్ స్ట్రెస్‌ల (పెరాక్సైడ్ వేసి కావాలని పాడుచేసే పరీక్షల) ఇది రాలేదు కదా?

చౌటుప్పల్_పీక్
రాలేదు! అందులో ఎన్-ఆక్సైడే వచ్చింది, 1.06 కాడ. ఈ పీకు పెరాక్సైడ్ సాంపిల్‌ల లేదు.

పోచంపల్లి_పోగు
మరి 1.06 ఎన్-ఆక్సైడని తెలిసినప్పుడు 0.87కు అదే పేరు ఎట్ల ఒప్పుకున్నరయ్యా!

చౌటుప్పల్_పీక్
స్ట్రెస్ స్టడీ వేరే టీం చేసింది అన్నా. వాళ్ల ఫైలు ఇప్పుడే తెరిచినం.

పెద్దాయన_ఎన్‌ఎంఆర్
బెంజైలిక్ ఆల్కహాల్ వచ్చిందంటే కీటోన్ కూడా వచ్చి ఉండాలి. 429 కోసం వెతకండి. కీటోన్ మీ ఆర్‌అండ్‌డీ వాళ్లు చేయగలిగితే, సోడియం బోరోహైడ్రైడ్‌తో ఒక్క స్టెప్పులో ఆల్కహాల్ స్టాండర్డు చేతికొస్తుంది. రేసిమిక్ (రెండు అద్దం రూపాల మిశ్రమం) వస్తుంది, మీ పని కోసం చాలు. కొన్ని మిల్లీగ్రాములు నాకు పంపండి.

ఆర్‌టీ_షిఫ్ట్
వచ్చింది, వచ్చింది 😀

చౌటుప్పల్_పీక్
1.12 కాడ ఒకటి ఉన్నది సార్, 0.04 శాతం. రిపోర్టింగ్ లిమిట్ 0.05 కిందనే ఉందని మాస్ తీయలేదు.

పోచంపల్లి_పోగు
తీయి తమ్మీ. రేపు తర్వాతి సాంపిల్ పుల్ అయినప్పుడు అది 0.04లనే ఉంటదన్న గ్యారంటీ లేదు. బ్యాగుల నైట్రోజన్ ఫ్లష్ చేస్తున్నరా, ఉత్తగనే కట్టిపెడుతున్నరా, అది కూడా ప్యాకింగ్ వాళ్లను అడుగు.

చౌటుప్పల్_పీక్
బ్యాచ్ రికార్డుల అయితే ఫ్లష్ అని ఉన్నది. సిలిండర్ ఇష్యూ రిజిస్టర్ తెప్పిస్తున్న.